ఐరోపా నిధులూ, కృష్ణా డెల్టా చదువులూ



విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఏ వైపు వెళ్లినా విదేశీ చదువుల బోర్డులు కనిపిస్తాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఈ మధ్య జర్మనీ, ఐర్లాండ్. ఉయ్యూరులోనో, గుడివాడలోనో, తెనాలిలోనో ఒక ఇంట్లో అమ్మాయి బీటెక్ చివరి ఏడాదికి వచ్చిందంటే ఆ ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఫీజు ఎంత, బ్యాంకు ఎంత ఇస్తుంది, ఏ పొలం కాగితాలు తనఖా పెట్టాలి, అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుంది. ఈ లెక్క మనవాళ్లకు కంఠతా వచ్చు. ఆ లెక్కలోకి రాని దారి ఒకటుంది. ఐరోపా యూనియన్ తన ఖజానా నుంచి డబ్బు పెట్టి నడుపుతున్న దారి అది. ఈ పూట దాని గురించి మాట్లాడతాను. పిల్లలకే కాదు, మన కళాశాలలకూ అందులో చోటుంది. కళాశాలలు ఆ చోటులోకి వెళ్లడం లేదన్నదే నా బాధ.

ఐరోపాతో మన ప్రాంతపు చదువుల సంబంధం కొత్తదేం కాదు. ఆచార్య రంగా నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి అర్థశాస్త్రం చదివి వచ్చారు. కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు బర్మింగ్‌హామ్‌లో 1939లో డాక్టరేట్ తీసుకున్నారు. నాగార్జునసాగర్ అనగానే మనకు గుర్తొచ్చే కె.ఎల్.రావు ఆయనే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మన బెజవాడలోనే, వాల్తేరుకు తర్వాత తరలింది. దాని తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివినవారు. ఆయన తర్వాత 1931లో ఆ కుర్చీలోకి వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అదే కాలంలో నానాజాతి సమితి వారి మేధా సహకార సంఘంలో సభ్యులు. దేశాల పండితులూ శాస్త్రజ్ఞులూ ఒకరితో ఒకరు కలిసి పనిచేయాలని పెట్టిన సంఘం అది. ఐన్‌స్టీన్, మేడమ్ క్యూరీ కూర్చున్న సంఘం. దేశాల మధ్య చదువుల సహకారం అని ఇవాళ అంటున్న మాటను మన విశ్వవిద్యాలయాధిపతి తొంభై ఏళ్ల కిందటే ఆ సంఘంలో కూర్చుని చర్చించారు.

ఇక ఐరోపా వాళ్ల పథకం. దాని పేరు ఎరాస్మస్. రోటర్‌డ్యామ్‌కు చెందిన పదహారో శతాబ్దపు పండితుడి పేరు అది. 1987లో మొదలైనప్పుడు ఐరోపా విద్యార్థులు పక్క దేశంలో కొన్ని నెలలు చదివి రావడానికే దాన్ని పెట్టారు. 2004లో ఎరాస్మస్ ముండుస్ అనే శాఖ వచ్చింది. అప్పటి నుంచి ప్రపంచంలో ఏ దేశం విద్యార్థికైనా తలుపు తెరిచారు. 2014 నుంచి అన్నీ కలిపి ఎరాస్మస్ ప్లస్ అంటున్నారు. 2021 నుంచి 2027 వరకు ఏడేళ్లకు దీనికి కేటాయించినది సుమారు 2,620 కోట్ల యూరోలు. 2028 నుంచి 2034 వరకు ఏడేళ్లకు 4,080 కోట్ల యూరోలు ఇవ్వాలని ఐరోపా కమిషన్ 2025 జూలైలో ప్రతిపాదించింది. దాని మీద అక్కడి పార్లమెంటూ సభ్య దేశాలూ తేల్చాల్సి ఉంటుంది.

ఇందులో ఎరాస్మస్ ముండుస్ డబ్బు ఎలా పంచుతారన్నది అసలు సంగతి. ఒక్కో విశ్వవిద్యాలయానికి విడిగా ఇవ్వరు. కనీసం మూడు దేశాల నుంచి మూడు సంస్థలు ఒక కూటమి కట్టాలి. అందరూ కలిసి ఒక మాస్టర్స్ కోర్సు తయారు చేయాలి. విద్యార్థి ఒక దేశంలో కొన్ని నెలలు, మరో దేశంలో కొన్ని నెలలు చదవాలి. చివర్లో అందరూ కలిసి ఇచ్చే పట్టా, లేకపోతే రెండు మూడు పట్టాలు వస్తాయి. మన రైతులు చేసే పొత్తు సేద్యం లాంటిదే ఇది. ఒకరి భూమి, ఒకరి ఎద్దులు, ఒకరి కష్టం, పంట అందరిదీ.

స్కాలర్‌షిప్పుకు ఎంపికైన విద్యార్థికి ఫీజు లేదు. బీమా వాళ్లే కడతారు. నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. మన రూపాయల్లో నెలకు లక్షా పాతిక వేల పైమాటే. విమానం టికెట్టు, వీసా, ఇంటి అద్దె, తిండి అన్నీ అందులోనే చూసుకోవాలి. జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. బ్యాంకుకు వెళ్లక్కర్లేదు, పొలం కాగితాలు బీరువాలోంచి బయటికి తీయక్కర్లేదు. ఏజెంటుతో అసలు పనే లేదు. దరఖాస్తు నేరుగా ఆ కూటమికే పంపాలి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ పంపవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది, తల్లిదండ్రులు దీన్ని తెలుసుకోవాలి. ఒక కోర్సుకు ఉన్న స్కాలర్‌షిప్పుల్లో ఒకే దేశం వాళ్లకు నూటికి పది మించి ఇవ్వరు. అంటే మన పిల్లలు పోటీ పడేది బ్రెజిల్ వాళ్లతోనో కెన్యా వాళ్లతోనో కాదు, పుణెలో, చెన్నైలో, ఢిల్లీలో చదివిన మన దేశం పిల్లలతోనే. అక్కడ పర్సంటేజీలన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. తేడా తెచ్చేది ఆ ఒక్క పేజీ ఉత్తరం, నేనీ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే ఉత్తరం. మనవాళ్లు దాన్ని కన్సల్టెన్సీలో రాయించుకుంటారు. చిన్నప్పటి నుంచీ నాకు ఈ సబ్జెక్టంటే ప్రాణం అని మొదలవుతుంది. అలాంటివి ఆ ప్రొఫెసర్ల ముందు వందలు పడి ఉంటాయి.

మన డెల్టా పిల్లలకు రాయడానికి ఎంత విషయం ఉందో చూడండి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. మొదటి అంతస్తు మెట్ల మీద కూర్చుని పడవ కోసం ఎదురు చూసిన సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో! వరద ముప్పు మీదే ఒక ఎరాస్మస్ ముండుస్ కోర్సు నడిచింది. జర్మనీలో డ్రెస్డెన్, నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, స్పెయిన్‌లో బార్సిలోనా, స్లొవేనియాలో లుబ్లియానా, ఈ నాలుగు ఊళ్ల సంస్థలు కలిసి నడిపాయి. డ్రెస్డెన్‌ను 2002 ఆగస్టులో ఎల్బే నది ముంచింది. నెదర్లాండ్స్‌లో 1953 ఫిబ్రవరి ఒకటిన సముద్రం కట్టలు తెంచుకుని 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. దివిసీమ ఉప్పెన సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు, 1977 నవంబరు 19న పది వేల మందికి పైగా పోయారు. నీళ్లలో మనుషుల్ని పోగొట్టుకున్న దేశాలు కట్టుకున్న చదువు అది. సింగ్ నగర్ పిల్లవాడు ఆ తరగతిలో కూర్చుంటే, బుడమేరు డైవర్షన్ గట్టు ఎక్కడ తెగిందో, నీళ్లు ఏ కాలనీలోకి ముందు దిగాయో చూసినవాడిగా కూర్చుంటాడు.

ఇంకొకటి రొయ్య. కైకలూరు, ముదినేపల్లి, మండవల్లి వైపు చెరువు గట్ల మీద పెరిగిన పిల్లలకు వనామీ రొయ్య అంటే ఏమిటో, తెల్లమచ్చ వ్యాధి వచ్చిన రాత్రి ఇంట్లో ఏమవుతుందో తెలుసు. వనామీకి మన దేశం అనుమతి ఇచ్చింది 2009లో. పదేళ్లు గడవకముందే ఆంధ్ర తీరమంతా అదే. బెల్జియంలో గెంట్ విశ్వవిద్యాలయం, నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్, నార్వేలో ట్రోండ్‌హైమ్, స్పెయిన్‌లో బార్సిలోనా కలిసి చేపలు, రొయ్యల ఆరోగ్యం మీద ఒక ఉమ్మడి ఎమ్మెస్సీ పెట్టాయి. గెంట్ పేరు హ్యాచరీ వాళ్లకు కొత్త కాదు. మన తీరం హ్యాచరీల్లో రొయ్య పిల్లకు తొలి ముద్ద ఆర్టీమియా. డబ్బాలో నుంచి గోధుమ రంగు పొడి తీసి ఉప్పునీళ్ల తొట్టిలో వేస్తారు, కింద నుంచి గాలి పెడతారు, ఒక రోజు గడిచేసరికి ఆ పొడి గుడ్లు పగిలి నారింజ రంగు పురుగులు నీళ్లంతా కదులుతాయి. ఆ ఆర్టీమియా మీద పరిశోధనకు ప్రపంచానికి పెద్ద కేంద్రం గెంట్‌లోనే ఉంది. 1978 నుంచీ ఉంది. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు వస్తున్నాయని 2016లో ఐరోపా యూనియన్ మన సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను తన రేవుల్లో పరీక్షించడం మొదలుపెట్టింది. అంతకుముందు నూటికి పదే చూసేవారు. ఒక చేత్తో సరుకు ఆపిన ఐరోపాయే, ఇంకో చేత్తో ఆ సమస్య చదువుకోవడానికి డబ్బిస్తోంది. ఆ రెండో చెయ్యి అందుకోవాల్సినవాళ్లు మన చెరువు గట్ల పిల్లలు. ఈ కోర్సుల జాబితా ఏటా మారుతుంది, కొన్ని ఆగుతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. ఎరాస్మస్ ముండుస్ క్యాటలాగు వెతికి ఆ ఏడాది ఏవి స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయో చూసుకోవాలి.

ఇప్పటివరకు విద్యార్థి వైపు చెప్పాను. కళాశాల వైపు చెప్పాలంటే ఉప్పుగుండూరు వెళ్లాలి.

ఉప్పుగుండూరు కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూముల్లో, ప్రకాశం జిల్లాలో ఉంది. కాలువ చివర ఉన్న ఊళ్ల కష్టం మీకు తెలుసు. మంచినీళ్లు అందవు, మురుగు నీళ్లు పోవు. భూమి కింద ఉప్పునీటి మట్టం పైకి వస్తుంది. ఎండాకాలం ఎండకు ఆ తడి ఆవిరైపోయి ఉప్పు పైన మిగులుతుంది. పొలంలో నడిస్తే కాలికి తెల్లగా అంటుతుంది. నారు వేస్తే మొక్క ఎర్రబడి అక్కడే ఆగిపోతుంది. చౌడు పట్టింది, ఇక లాభం లేదు అని వదిలేస్తారు.

1995లో మన దేశంలోనూ నెదర్లాండ్స్‌లోనూ ఉన్న సంస్థలు కలిసి, కాలువల కింద చౌడు పట్టిన భూముల మీద ఒక పథకం మొదలుపెట్టాయి. 2002 వరకు నడిచింది. మన వైపు కర్నాల్‌లోని కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ, దానితో పాటు నాలుగు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. ఆంధ్ర నుంచి ఆచార్య ఎన్.జి.రంగా విశ్వవిద్యాలయం, బాపట్ల కేంద్రంగా. అటు వైపు వాగెనింగెన్‌లోని భూమి పునరుద్ధరణ సంస్థ. బాపట్ల వాళ్లు రెండు చోట్ల పని పెట్టుకున్నారు. సాగర్ కుడి కాలువ కింద కోనంకి, మన డెల్టాలో ఉప్పుగుండూరు.

చేసిన పని వినడానికి తేలికే. పొలంలో లోతుగా కందకం తవ్వి, చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాలు వరసగా పరిచి, మట్టి దూరి పూడిపోకుండా వాటికి వడపోత గుడ్డ చుట్టి, మళ్లీ మట్టి కప్పడం. పైన నీళ్లు పెడితే ఉప్పు కరిగి గొట్టాల్లోకి దిగి, అక్కడి నుంచి మురుగు కాలువలోకి పోతుంది. కష్టమంతా కొలతల్లో ఉంది. గొట్టాలు ఎంత లోతున వేయాలి, వరసల మధ్య ఎన్ని గజాలు ఉండాలి, వరి నీళ్లు నిలబడి ఉన్నప్పుడు గొట్టం మూయాలా తెరవాలా? డచ్చి వాళ్ల దగ్గర శతాబ్దాల అనుభవం ఉంది. కానీ వాళ్ల దేశంలో వాన సన్నగా ఏడాదంతా పడుతుంది. మనకు నాలుగు నెలల్లో కుండపోత. వాళ్ల పొలంలో నీరు నిలవకూడదు, మన వరి పొలంలో నిలవాలి. వాళ్ల లెక్కలు తెచ్చి ఇక్కడ పరిచేస్తే కుదరదు. మన నేల మీద మన శాస్త్రజ్ఞులు ఒక్కో పంటకు నీటి మట్టం కొలిచి, ఉప్పు కొలిచి, ఆ కొలతలు నిలబెట్టారు. నేల బాగుపడింది, పంట పెరిగింది. వాళ్లు తెచ్చినది పద్ధతి, మనం ఇచ్చినది జవాబు.

ఆ జవాబు అటు కూడా వెళ్లింది. మన దేశపు పొలాల అనుభవాలను ఇతర దేశాల అనుభవాలతో కలిపి 2009లో వాగెనింగెన్‌లో ఒక డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం వచ్చింది. నెదర్లాండ్స్ సాయంతోనే మన రాష్ట్రంలో నీటి యాజమాన్య పథకం ఇంకొకటి తర్వాత నడిచింది. 1997 చట్టంతో వచ్చిన సాగునీటి సంఘాలను కలుపుకొని గోదావరి డెల్టా దాకా వెళ్లింది. ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఉప్పుగుండూరులో పెట్టిన విదేశీ సొమ్ము ఐరోపా యూనియన్‌ది కాదు, నెదర్లాండ్స్ ప్రభుత్వానిది. కానీ ఇవాళ ఐరోపా యూనియన్ ఏ రకమైన పనికి డబ్బిస్తానంటోందో అది సరిగ్గా ఈ రకం పనే. మన సమస్య, మన నేల, మన శాస్త్రజ్ఞులు, వాళ్ల పద్ధతి, ఇద్దరి పేరు మీద ఫలితం.

ఎరాస్మస్ ప్లస్‌లో ఉన్నత విద్యాసంస్థల సామర్థ్యం పెంచడానికి విడిగా ఒక నిధి ఉంది. అందులో మొదటి తరగతి నిధి ఇలాంటి పనుల్లో పెద్ద అనుభవం లేని సంస్థల కోసమే పెట్టినది. ఒక్కో ప్రాజెక్టుకు రెండు లక్షల నుంచి నాలుగు లక్షల యూరోలు, రెండు మూడేళ్లకు. తర్వాతి తరగతుల్లో పది లక్షల యూరోల వరకు. కూటమికి నాయకత్వం ఐరోపా వాళ్లే వహించాలని లేదు. భారతీయ సంస్థ కూడా వహించవచ్చు. ఇది మన కళాశాలల్లో ఎంతమందికి తెలుసు?

మన దగ్గర జరిగేది వేరు. విదేశీ అతిథి వస్తాడు. శాలువా కప్పుతారు. అవగాహన ఒప్పందం మీద సంతకాలు. మర్నాడు పేపర్లో ఫొటో. ఆ కాగితం ఫైల్లోకి వెళుతుంది, కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు మళ్లీ బయటికి వస్తుంది. ఆ ఒప్పందం కింద ఒక్క విద్యార్థి అటు వెళ్లడు, ఒక్క పరీక్ష ఇటు జరగదు. నాకు దీని మీద కోపం ఉంది, దాచను. ఎందుకంటే అదే కళాశాలలో ఒక మూల గదిలో కూర్చుని, పదేళ్లుగా నాగాయలంక, కోడూరు వైపు బావుల్లో ఉప్పు ఎంత పెరిగిందో కొలుస్తున్న మాస్టారు ఉంటారు. ఐరోపా కూటమికి కావాల్సింది ఆ మాస్టారి నోటుబుక్కు. ఆయన్ను ఫొటోలోకి పిలవరు.

పని వైపు చూస్తే అడ్డంకులు నిజమైనవే. సంస్థకు ఐరోపా పోర్టల్‌లో తొమ్మిది అంకెల నమోదు సంఖ్య ఉండాలి. ట్రస్టులు, సొసైటీలు నడిపే ప్రైవేటు కళాశాలలైతే విదేశీ నిధి తీసుకోవడానికి ఎఫ్.సి.ఆర్.ఎ. చట్టం కింద నమోదు కావాలి. ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. ఉమ్మడి పట్టా ఇవ్వాలంటే యూజీసీ 2022 నిబంధనలున్నాయి. మామూలుగా మన సంస్థకు నాక్‌లో 3.01 స్కోరైనా ఉండాలి, జాతీయ ర్యాంకుల్లో మొదటి వందలోనైనా ఉండాలి. అటు సంస్థ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి. ఇవన్నీ చేయడానికి కళాశాలలో ఒక మనిషి కావాలి. క్లాసుల మధ్య ఖాళీ దొరికినప్పుడు చూసే మాస్టారు కాదు, అదే పనిగా కూర్చుని, కాగితాలు తెలిసి, ఉత్తరాలు రాసే మనిషి. ఒక బస్సు కొనే డబ్బుతో అలాంటి మనిషిని కొన్నేళ్లు పెట్టుకోవచ్చు.

పరిశోధన వైపు ఇంకో పెద్ద నిధి ఉంది, హొరైజన్ యూరప్. ఏడేళ్లకు మొదట కేటాయించినది 9,550 కోట్ల యూరోలు. అందులో భారతీయ సంస్థ కూటమిలో చేరవచ్చు గానీ, మామూలుగా ఐరోపా డబ్బు మనకు రాదు. మన కేంద్ర శాస్త్ర, బయోటెక్నాలజీ శాఖలు తమ వాటా పెట్టిన పిలుపుల్లో మన వాళ్ల ఖర్చు అవే భరిస్తాయి. దీనికి ముందరి హొరైజన్ పథకంలో నీటి శుద్ధి మీద ఏడు ప్రాజెక్టులు అలాగే నడిచాయి. మన దేశాన్ని హొరైజన్‌లో అనుబంధ దేశంగా చేర్చుకునే మాట ఈ మధ్య మొదలైంది. అది జరిగితే లెక్క మారుతుంది. పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లలకు మాత్రం మరీ స్క్లొదొవ్‌స్కా క్యూరీ పథకం ఇప్పుడే తెరిచి ఉంది. అందులో పీహెచ్‌డీ విద్యార్థిని ఉద్యోగిగా తీసుకుంటారు, జీతం ఇస్తారు. నియమం ఒకటే గుర్తుంచుకోండి: చేరబోయే దేశంలో గడిచిన మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు.

విద్యార్థులు చేయాల్సిన పని కాలం ప్రకారం చెబుతాను. ఎరాస్మస్ ముండుస్ దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మధ్య. ఒక్కో కోర్సు గడువు ఒక్కోలా ఉంటుంది. మార్కుల పత్రాలు, ఇంగ్లీషు పరీక్ష, ఇద్దరు అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు దసరా లోపే సిద్ధం చేసుకోవాలి. సిఫారసు ఉత్తరం మీరే రాసుకుని సంతకం పెట్టించుకోవద్దు. మీ ప్రాజెక్టు నిజంగా చూసిన మాస్టారి దగ్గర కూర్చుని, ఆయన చేతే రాయించుకోండి.

కళాశాలల యాజమాన్యాలకు ఒక విన్నపం. సంస్థల దరఖాస్తుల గడువు మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. చౌడు నేలల అనుభవం ఉన్న బాపట్ల వ్యవసాయ కళాశాల, నాగార్జున, కృష్ణా విశ్వవిద్యాలయాలు, బుడమేరు ముంపును కళ్లారా చూసిన మన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, తీరంలో రొయ్యల మీద పనిచేసే మత్స్య శాస్త్ర అధ్యాపకులు. వీళ్లంతా గంటా రెండు గంటల ప్రయాణం దూరంలో ఉన్నారు. ముందు వీళ్లు ఒకరితో ఒకరు కూర్చోవాలి. డెల్టా చివరి భూముల్లో ఉప్పునీరు అనే ఒక్క విషయం తీసుకుని, ఎవరి దగ్గర ఏ కొలతలు ఉన్నాయో ఒకచోట పెట్టి, రెండు పేజీల్లో రాసి, డెల్ఫ్ట్‌కు, వాగెనింగెన్‌కు, గెంట్‌కు పంపాలి. వానాకాలం మొదలయ్యేలోపు ఆ రెండు పేజీలు వెళితే ఫిబ్రవరికి కూటమి నిలబడుతుంది.